రోగిశయ్యచెంత గృహిణి

మా రావివలసలో వెలసిన ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఆ మహాలింగము ఎండకు ఎండుచు, వానకు తడియుచు, ఆరుబయటనే పూజలందుకొనుచుండును. రామాయణకథలోని వైద్యుడగు సుషేణుడు యుద్ధానంతరము ఇచ్చటి కొండపై నిలిచి, మూలికలతో జనుల రోగములు మాన్పుచు, శివుని గూర్చి తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పును. లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు ఏ యోషధి కావలెనో చెప్పినవాడు సుషేణుడు. దానిని తెచ్చినవాడు హనుమంతుడు. కథ చెప్పువారు వీరిరువురను కొనియాడుదురు. మందు వచ్చువరకు తమ్ముని విడువక చెంత కూర్చుండిన రాముని మాట అంతగా చెప్పరు. ఈ వ్యాసము అట్లు రోగి చెంత కూర్చుండువారిని గూర్చినది.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. అందు పరిచారకునకు నాలుగు గుణములు కావలెనట. ఉపచారజ్ఞత, అనగా రోగికి ఏమి చేయవలెనో తెలిసియుండుట, దాక్ష్యము, అనగా పనిలో నేర్పు, అనురాగము, శౌచము. మన యిండ్లలో ఇల్లాలి సేవను గూర్చి మాటలాడునపుడు అనురాగమొక్కటే చాలునన్నట్లు మాటలాడుదురు. చరకసంహిత దానిని మూడవదిగా లెక్కించి, తెలివిని మొదట నుంచినది. ఈ క్రమము ఎంత యుచితమైనదో మా యింటివారికి కేన్సరు చికిత్స జరిగిన కాలమున మాకు బోధపడినది. ఆ నాలుగు గుణములనే వరుసగా పెట్టుకొని, మేము చూచినదియు తెలిసికొన్నదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా యింటివారు బడిపంతులు. పదునెనిమిదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పిన గొంతు ఒక వేసవిలో బొంగురుపోయి, వానలు పడినను తేరుకొనలేదు. సుద్దముక్క పొడియని కొందరు, జలుబని కొందరు అనిరి. గొంతు వైద్యుడు సన్నని గొట్టముతో లోనికి చూచి, చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్షకు పంపగా, స్వరపేటికలో కేన్సరని తేలినది. గొంతు మూడు వారములకు మించి బొంగురుగా నున్నచో వైద్యునికి చూపవలెనన్నది ప్రతి గృహిణియు గుర్తుంచుకొనదగిన సూత్రము. పొగ త్రాగు అలవాటున్నవారి విషయమున మరింత త్వరపడవలెను. స్వరపేటికను శస్త్రచికిత్సచే తీసివేయుట ఒక దారి. రేడియేషనును కిమోథెరపీని కలిపి యిచ్చి గొంతును నిలుపజూచుట మరియొక దారి. వారి కణితి స్థితినిబట్టి వైద్యులు రెండవదానిని సూచించిరి. గొంతే జీవనాధారమైనవారికి అది పెద్ద ఊరట. కాని అది వారమునకు ఐదు దినముల చొప్పున 33 మార్లు, ఆరున్నర వారములు నడుమ ఆగక సాగవలసిన చికిత్స. అందుకై మేము నౌపడలో రైలెక్కి విశాఖపట్టణము వెళ్లి, ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసికొంటిమి.

మొదటిది ఉపచారజ్ఞత. వైద్యునియెదుట నిలిచినపుడు సగము మాటలు చెవిని పడవు; పడినవి గుమ్మము దాటునప్పటికి మరపునకు వచ్చును. అందుచేత ఒక నోటుపుస్తకము తప్పక చేతనుంచుకొనవలెను. ముందుగా నాలుగు ప్రశ్నలు వ్రాసికొని పోవుట మేలు. రోగము ఏ దశలో నున్నది? ఈ చికిత్స రోగమును మాన్పుటకా, బాధను తగ్గించుటకా? ఎన్ని దినములు, ఎచ్చట జరుగును? ఏ లక్షణము కనబడిన వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను? ఈ నాలుగింటికి జవాబులు వ్రాసికొన్న గృహిణి సగము భయమును జయించినట్లే. బయాప్సీ కాగితము, స్కానులు, రక్తపరీక్షలు, డిశ్చార్జి కాగితములు తేదీల వరుసను ఒక సంచిలో నుంచవలెను. బయాప్సీ ముక్కలనుండి తయారుచేసిన గాజుపలకలను, మైనపుబిళ్లను వేరొక ఆసుపత్రివారు మరల చూడగోరవచ్చును గనుక వానినిగూడ అడిగి భద్రపరచుకొనవలెను.

మా ప్రాంతమువారు మాత్రము మరచిపోరాని ప్రశ్న ఇంకొకటి కలదు. మా ఊరికి ఈశాన్యముగా పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి వైపున నున్న ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను పట్టి పీడించుచున్నదని యెల్లరకు తెలిసినదే. అది చాలకాలము లక్షణము లేకయే పెరుగును. గొంతు, నోటి కేన్సరులకు రేడియేషనుతోపాటు ఇచ్చు సిస్‌ప్లాటిన్ అను మందు మూత్రపిండములపై భారము మోపును. కాబట్టి ఈ తీరమునుండి వెళ్లిన రోగి పక్కనున్నవారు, 'మాది ఉద్దానపు వైపు, క్రియాటినిన్ ఎంతయున్నది?' అని తామే ముందుగా అడుగవలెను. దానినిబట్టి వైద్యులు మందు మోతాదును మార్చుదురు, లేదా వేరు మందు నిత్తురు. అంగడిలో ఎవరిని అడుగకయే కొను నొప్పిమాత్రలలో కొన్ని మూత్రపిండములకు హాని చేయును గనుక, వైద్యుని అడుగక వేయరాదు. కొబ్బరినీరు బలమని తెచ్చియిచ్చు చుట్టములకును ఇది చెప్పవలెను: మూత్రపిండములు చెడినవారికి అందలి పొటాసియము హానికరము.

రెండవది దాక్ష్యము. గొంతుకు రేడియేషను ఇచ్చునపుడు తల కదలకుండ ముఖమునకును భుజములకును సరిపడు వలవంటి ముసుగును తయారుచేసి, దానిని బల్లకు బిగింతురు. కిరణములు పడునది కొలది నిముషములే, నొప్పి యుండదు. కష్టము తరువాత వచ్చును. రెండవ మూడవ వారములనుండి నోరు పూయును, ఉమ్మి చిక్కబడును, రుచి పోవును, మెడ చర్మము నల్లబారును. ఇవి చికిత్స వికటించిన గురుతులు కావు, చికిత్సవలన కలుగునవే. మొదలే తెలిసియున్నచో రోగియు మనమును బెదరము. పాడుపళ్లున్నచో రేడియేషనుకు ముందే తీయించి, పుండు మాననిచ్చి, పిదప చికిత్స మొదలిడుదురు. తరువాత పళ్లు తీయించిన దవుడ ఎముక చెడు నపాయము కలదు. ఉప్పును వంటసోడాను కలిపిన గోరువెచ్చని నీటితో దినమునకు పలుమార్లు నోరు పుక్కిలింపజేయవలెను. మెడమీద పౌడరు, నూనె, సబ్బు, మంగలికత్తి పనికిరావు, ఎండ తగులనీయరాదు.

ఆహారము పెట్టుటయే ఇల్లాలికి కఠినమైన పరీక్ష. కారము, పులుపు, వేడి సహింపవు. మేము చోళ్లపిండి జావ పలుచగా కాచి, మా పలాస జీడిపప్పును నానబెట్టి మెత్తగా నూరి అందు కలిపితిమి. మజ్జిగలో మెదిపిన అన్నము, పాలు, మెత్తగా ఉడికిన గ్రుడ్డు, పెసరకట్టు, ఏది కొంచెము దిగినచో అది, రెండు గంటల కొకసారి చొప్పున ఇచ్చితిమి. వారమున కొకమారు బరువు తూచి పుస్తకమున వ్రాసితిమి. బరువు తగ్గిపోవుచున్నచో ముక్కునుండి కడుపులోనికి సన్నని గొట్టము వేయుదురు. దానిని చూచి గృహిణులు గుండె చెదరుదురు. నిజమునకది చికిత్స ఆగకుండ నిలుపు సాధనము. దానిద్వారా ఆహార మిచ్చునపుడు రోగిని కూర్చుండబెట్టుట, వడగట్టిన ద్రవమును మెల్లగా పోయుట, పిదప మంచినీటితో గొట్టమును కడుగుట, ఈ మూడును నర్సులయొద్ద రెండుసార్లు చేసి చూపి నేర్చుకొనినచో పిల్లలకు పాలు పట్టుటకంటె కష్టము గాదు.

జ్వరమానిని ఎల్లప్పుడు దగ్గర నుండవలెను. కిమోథెరపీ ఇచ్చిన పిదప రక్తములోని తెల్లకణములు తగ్గును. ఆ దినములలో 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను అది మామూలు జ్వరము గాదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలసినదే. ఇంటియొద్ద మాత్ర వేసి తెల్లవారువరకు చూచుట ప్రాణాపాయము.

డబ్బుమాట గూడ దాక్ష్యములోనిదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు మన రాష్ట్రమున ఎన్.టి.ఆర్. వైద్యసేవయను పేర నడుచుచున్నది. కేన్సరు శస్త్రచికిత్స, రేడియేషను, కిమోథెరపీ దానిలో చేరియున్నవి. ఆసుపత్రిలో ఆ పథకపు బల్లయొద్ద మొదటిదినమే విచారింపవలెను. కేన్సరు రోగి చికిత్సకై ప్రయాణము చేయునపుడు రైల్వేవారు స్లీపరులోను మూడవ ఏసీలోను రోగికి పూర్తి రాయితీని, తోడు వెళ్లు నొకరికి నూటికి 75 వంతుల రాయితీని ఇత్తురు. ఆసుపత్రివారి ధ్రువపత్రము కావలెను. తెలియక పూర్తి టిక్కెట్టు కొనువా రనేకులు.

మూడవది అనురాగము. మా చుట్టములలో పెద్దవారు కొందరు, 'కేన్సరని వారికి చెప్పకుము, గుండె పగులును' అని మాకు బోధించిరి. వారు తాముగా మమ్మడిగిరి. మేము ఉన్నదున్నట్లు చెప్పితిమి. ముసుగు బిగించుకొని ఒంటరిగా ఆ గదిలో పరుండవలసినవారు వారు. అది ఎందులకో తెలియకుండ 33 మార్లు ఎట్లు పరుండుదురు? నిజము చెప్పుట యనగా వైద్యుడు చెప్పిన శుభమును గూడ చెప్పుట. మాన్పదగినదని వైద్యుడు చెప్పినయెడల దానిని దాచిపెట్టుటయు తగదు గదా.

ఐదవవారము మధ్యనాటికి వారికి మాట పూర్తిగా ఆగినది. ఉమ్మి మ్రింగుటయే నరకయాతనగా నుండెను. పిల్లల పలక యొకటి తెచ్చుకొంటిమి; దానిమీద వ్రాసి మాకు చూపుచుండిరి. ఒకనాడు ఆసుపత్రినుండి గదికి వచ్చి, పలకమీద 'చాలు. ఇంటికి పోదము' అని వ్రాసి, గోడవైపు తిరిగి పరుండిరి. ఆ మాటకు ఏడ్చి కాళ్లు పట్టుకొనవచ్చును. లేదా వారి బాధ చూడలేక సరేయని మూట కట్టవచ్చును. రెండును అనురాగమే. మేము నోటుపుస్తకము తీసి వారి ముందుంచితిమి. 23 అయినవి, 10 మిగిలినవి. నడుమ ఆపినచో మిగిలిన కేన్సరు కణములు మరల వృద్ధిపొందుననియు, గొంతు కేన్సరులలో చికిత్స పొడిగిన ఒక్కొక్క దినమునకు రోగము అదుపులోనికి వచ్చు నవకాశము సుమారు నూటికొకపాలు తగ్గుననియు వైద్యులు చెప్పిన మాట అందు వ్రాసియున్నది. వారు లెక్కల పంతులు, చదివిరి. మేము అంతటితో నూరకుండక, మరునాటి ఉదయము వైద్యుని చూచి, బాధ ఇంతయున్నదని, రాత్రి నిద్రలేదని, రెండు దినములనుండి గ్రుక్కెడు నీరు దిగుటలేదని తేదీలతో చెప్పితిమి. ఆయన నొప్పిమందును మార్చి, గొట్టము వేయించిరి. ఆ రాత్రి వారు ఆరుగంటలు నిద్రించిరి. లేచి పలకమీద '9' అని మాత్రము వ్రాసిరి.

సోదరీమణులారా, చికిత్స నడుమ మానివేయు రోగులలో చాలమంది బ్రతుకుమీద ఆశలేక మానుట లేదు. ఆనాటి నొప్పిని ఓర్వలేక మానుచున్నారు. నొప్పికి మందున్నది. దానిని అడుగవలసినవారు రోగికన్న ముందు మనము. 'ఓర్చుకొనుడు' అని రోగికి చెప్పుటకుముందు, 'ఇంతకన్న నొప్పి తగ్గించు నుపాయము లేదా?' అని వైద్యుని అడుగుట మన ధర్మము. అనురాగము తెలివిని తోడు తెచ్చుకొనిననాడే రోగికి ఉపకరించును.

రోగి కోపమునుగూర్చి యొక మాట. ఎన్నడును పరుషముగా మాటలాడనివారు రోగకాలమున పళ్లెమును త్రోసివేయుదురు. ఆ కోపము మనమీద గాదు. కాని అది తగులునది మనకే. అట్టి వేళ కొంతసేపు వసారాలోనికి పోయి నిలుచుట తప్పు గాదు. ఆసుపత్రి వసారాలలో మనవంటివారు పదిమంది కనబడుదురు. సోంపేటనుండి ఒకరు, బరంపురమునుండి ఒకరు, పార్వతీపురమునుండి ఒకరు. ఏ మెట్లదారి దగ్గర, వేడినీ రెచ్చట దొరకును, ఏ నర్సమ్మ ఓపికగా నేర్పును, ఇవన్నియు మాకు వారే చెప్పిరి.

నాలుగవది శౌచము. తెల్లకణములు తగ్గిన రోగికి మన చేతులే శత్రువులు కావచ్చును గనుక, ముట్టుకొనుటకుముందు సబ్బుతో కడుగుకొనవలెను. కాచి చల్లార్చిన నీరే ఇయ్యవలెను. జలుబు, దగ్గు గలవారిని పరామర్శకు రానీయరాదు. అది మర్యాదకు లోటుగాదు. అయితే శౌచము పేర పల్లెలలో జరుగు నొక అన్యాయమునుగూడ చెప్పవలెను. రోగికి వేరు కంచము, వేరు గ్లాసు పెట్టి, పిల్లలను దరికి రానీయని యిండ్లున్నవి. కేన్సరు అంటువ్యాధి గాదు. బయటినుండి యంత్రముతో నిచ్చు రేడియేషను రోగి దేహమున నిలిచియుండదు. బిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును. ముట్టుకొనుటకు జంకని చేయి ఒక్కటి యింట నున్నచో రోగికి సగము బలము.

చికిత్స ముగిసినది. పరీక్షలకై వారు నియమించిన తేదీలకు మేమింకను విశాఖ పోయి వచ్చుచున్నాము. మా యింటివారు మరల బడికి పోవుచున్నారు. గొంతు మునుపటివలె ఖంగుమని మ్రోగదు; వెనుక బల్లలవారు ముందుకు జరిగి కూర్చుందురట.

ఇంతవరకు భర్తకు సేవచేయు భార్యను గూర్చి వ్రాసితిమి. ఇక భార్యయే రోగియైనచో? మా శ్రీకాకుళపు తీరమున ఇది కేవలము ఊహ గాదు. చుట్టను వెలిగించి, మండుచున్న కొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ యలవాటు ఇచ్చటి పల్లెలలో ముఖ్యముగ స్త్రీలది. ఆ వేడియు పొగయు అంగిటికి తగిలి, అచ్చట కేన్సరు పుట్టును. ఇతరదేశములలో అంగిటి కేన్సరు అరుదు. డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గ్ అను దంతవైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును మన రాష్ట్రమునందలి 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, ఈ విషయమును 1971లో ప్రకటించిరి. మన పల్లెటూరి అవ్వల అంగిళ్లను గూర్చి లోకమంతయు చదివినది. ఆ అవ్వల యింటివారు మాత్రము వారి నోరు తెరచి చూచుట యరుదు. భర్తకు జ్వరమువచ్చినచో బండి కట్టించు ఇల్లాలు తన నోటిలోని పుండును ఆరునెలలు ఎవరికిని చెప్పదు. కోతలు కానిమ్మని, పిల్ల పురుడు కానిమ్మని వాయిదా వేయును.

భార్య రోగమును తమ రోగముగా నెంచిన భర్తలు లేకపోలేదు. దొరాబ్జీ టాటాగారి భార్య మెహర్‌బాయి 1931లో రక్తపు కేన్సరుతో మరణించినది. అట్టి చికిత్స మనదేశమున గూడ దొరకవలెనని ఆయన తలపోసి, మరుసటి సంవత్సరమే కన్నుమూసిరి. ఆయన ధర్మనిధి నుండి 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలసినది. విశాఖయొద్ద అగనంపూడిలోని హోమీభాభా కేన్సరు ఆసుపత్రి ఆ సంస్థలోనిదే. నందమూరి తారకరామారావుగారి భార్య బసవతారకమ్మగారు 1985లో కేన్సరుతో పోగా, ఆమె పేర హైదరాబాదులో 2000 సంవత్సరమున కేన్సరు ఆసుపత్రి తెరువబడినది. భార్యను పోగొట్టుకొన్న దుఃఖము ఇట్లు వేలమంది భార్యలకు ఉపకరించినది. ఆసుపత్రి కట్టించుటకు అందరికి శక్తి చాలదు. రోగశయ్య చెంత కూర్చుండుటకు శక్తి ప్రతి భర్తకును కలదు.

కాబట్టి ఈ నాలుగు గుణములును స్త్రీలకు మాత్రమే చెప్పినవని యెంచరాదు. చోళ్ల జావ కాచుట, జ్వరమానిని చూచుట, మందుల వేళలు వ్రాయుట మగపిల్లలకును నేర్పవలెను. 30 ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు నేర్పాటు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో కలదు. ఈ వ్యాసము చదివిన సోదరి నేడే పగటి వెలుతురులో అద్దము తీసి, తన నోరు తెరచి, అంగిటిని, నాలుక ప్రక్కలను, బుగ్గల లోపలిభాగమును చూచుకొనవలెను. మానని పుండుగాని, తెల్లని యెర్రని మచ్చగాని, గడ్డగాని కనబడినచో కోతలకై ఆగక వైద్యుని చూడవలెను. ఒంటరిగా పోవలదు, మీ వారిని తోడు రమ్మని అడుగుడు. వారి చేతికి నోటుపుస్తకము నిచ్చి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు వారిచేతనే వ్రాయింపుడు.